మూడు కొలతలు, రెండు తీసివేతలు

పరగడుపున వెళ్లి రక్తమిచ్చి వస్తే సాయంత్రానికి చేతికొచ్చే లిపిడ్ ప్రొఫైల్ రిపోర్టులో అందరి కళ్లూ ముందుగా వెతికేది ఎల్‌డిఎల్ అంకెనే. చెడ్డ కొలెస్ట్రాల్ అని ఇంటింటా పేరుపడ్డది అదే. దాన్ని చూసే డాక్టరు మాత్ర రాస్తారు, మోతాదు పెంచుతారు, లేదంటే తిండి మార్చుకుని మూడు నెలలాగి రమ్మంటారు. గుండెపోటు ముప్పును ముందుగా పసిగట్టడానికి వాడే రక్తపరీక్షల్లో దానికున్న పలుకుబడి మరోదానికి లేదు. అయినా చాలా ల్యాబుల్లో ఆ అంకెను ఏ యంత్రమూ కొలవదు. మొత్తం కొలెస్ట్రాల్‌ను కొలుస్తారు, హెచ్‌డిఎల్‌ను కొలుస్తారు, ట్రైగ్లిజరైడ్లను కొలుస్తారు. ఎల్‌డిఎల్‌ను మాత్రం ఆ మూడింటి నుంచి లెక్కకడతారు.

ఆ లెక్క 1972లో ‘క్లినికల్ కెమిస్ట్రీ’ అనే పత్రికలో అచ్చయింది. రాసినవారు విలియం ఫ్రీడ్‌వాల్డ్, రాబర్ట్ లెవీ, డొనాల్డ్ ఫ్రెడ్రిక్సన్. ముగ్గురూ అమెరికా ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన సంస్థల్లో, బెథెస్డాలో పనిచేసేవారు. వ్యాసం నిడివి నాలుగు పేజీలు. అందులోని సూత్రాన్ని ఏడో తరగతి పిల్లలు కూడా చేసేయగలరు. మొత్తం కొలెస్ట్రాల్‌లోంచి హెచ్‌డిఎల్‌ను తీసేయాలి. ట్రైగ్లిజరైడ్లను అయిదుతో భాగించి, వచ్చినదాన్ని కూడా తీసేయాలి. మిగిలేది ఎల్‌డిఎల్.

ఇంత చిన్న లెక్క యాభై ఏళ్లకు పైగా ప్రపంచమంతటా గుండె వైద్యాన్ని నడిపించింది. దాన్ని విప్పి చూస్తే ఎంతో నేర్పు కనబడుతుంది. ఏది కొలవాలో, ఏది కొలవకుండా వదిలేసినా నష్టం లేదో, ఆ ధైర్యం ఎక్కడ ఆగిపోవాలో తెలిసినవాళ్లు చేసిన పని అది. ఆ మూడో సంగతే నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆకట్టుకుంది.

మొత్తం అంకె ఎందుకు చాలలేదు

కథ ఫ్రామింగ్‌హామ్‌లో మొదలుపెట్టాలి. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలోని ఆ చిన్న ఊళ్లో 1948లో 5,209 మంది స్త్రీ పురుషులను ఎంచుకుని, రెండేళ్లకోసారి పరీక్షలు చేస్తూ, ఎవరికి గుండెజబ్బు వస్తుందో, వచ్చినవాళ్లలో ముందునుంచీ ఏం తేడా ఉందో గమనించడం మొదలుపెట్టారు. 1961లో వెలువడ్డ ఆరేళ్ల ఫలితాల్లో మూడు సంగతులు స్పష్టంగా తేలాయి. రక్తంలో కొలెస్ట్రాల్, రక్తపోటు ఎక్కువగా ఉన్నవాళ్లకూ, ఈసీజీలో గుండె ఎడమ గది గోడ మందమైనట్టు కనిపించినవాళ్లకూ ముప్పు ఎక్కువ. జబ్బు పడక ముందే రక్తం కొంత కబురు చెబుతుందని డాక్టర్లు గట్టిగా నమ్మడం మొదలైంది అప్పటినుంచే.

అయితే కొలెస్ట్రాల్ నీళ్లలో కరగదు. రక్తంలో అది ఒంటరిగా తిరగలేదు. ప్రొటీన్లు, ఇతర కొవ్వులతో కలిసి లైపోప్రోటీన్లు అనే సన్నటి రేణువులుగా ప్రయాణిస్తుంది. వాటిలో మూడు ముఖ్యం. కాలేయం నుంచి ట్రైగ్లిజరైడ్లను మోసుకుని బయల్దేరే పెద్ద, తేలికైన రేణువులు విఎల్‌డిఎల్. ఆ బరువు దించేశాక మిగిలి, కొలెస్ట్రాల్‌తో నిండి, ధమని గోడలోకి చొరబడే రేణువులు ఎల్‌డిఎల్. అన్నిటికంటే చిన్నవి, చిక్కనివి హెచ్‌డిఎల్. ఇవి ఎక్కువగా ఉన్నవాళ్లలో గుండెజబ్బు తక్కువగా కనిపిస్తుంది.

మొత్తం కొలెస్ట్రాల్ అంటే ఈ మూడింట్లో ఉన్నదీ కలిపిన మొత్తం. అందువల్లే అది మోసం చేయగలదు. ఇద్దరు మనుషులను ఊహించుకుందాం. ఇద్దరికీ మొత్తం కొలెస్ట్రాల్ డెసిలీటరుకు 240 మిల్లీగ్రాములే. ఒకరికి హెచ్‌డిఎల్ 85, ట్రైగ్లిజరైడ్లు 75. ఇంకొకరికి హెచ్‌డిఎల్ 35, ట్రైగ్లిజరైడ్లు 225. సూత్రం ప్రకారం మొదటివారి ఎల్‌డిఎల్ 140, రెండోవారిది 160. రెండోవారికి హెచ్‌డిఎల్ అండ కూడా తక్కువే. మొత్తం మీద ఒకేలా కనిపించిన ఇద్దరూ విడదీసి చూస్తే ఒకే దారిలో లేరు. ముప్పును అంచనా వేయాలంటే ఏ రేణువులో ఎంతుందో తెలియాలి. అప్పట్లో అది తెలుసుకునే సాధనం ఒక్కటే ఉండేది.

పద్దెనిమిది గంటలు తిరిగే యంత్రం

ఆ సాధనం అల్ట్రాసెంట్రిఫ్యూజ్. స్వీడన్ శాస్త్రవేత్త థియోడోర్ స్వెడ్‌బెర్గ్ 1920లలో తయారుచేసిన ఈ యంత్రాన్ని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో జాన్ గాఫ్‌మన్ రక్తంలోని కొవ్వుల మీదకు తిప్పాడు. అంతకు ముందు ఆయన అణుబాంబు పథకంలో ప్లుటోనియం మీద పనిచేసిన రసాయనవేత్త. తర్వాత వైద్యం చదివాడు. 1950లో ఆయన బృందం ‘సైన్స్’ పత్రికలో ప్రకటించిన వ్యాసం, గుండెజబ్బుకు మొత్తం కొలెస్ట్రాల్ కంటే ఫలానా రకం లైపోప్రోటీన్లతోనే సంబంధం ఎక్కువని వాదించింది. 1955లో హావెల్, ఎడర్, బ్రాగ్‌డన్ ఈ రేణువులను సాంద్రతను బట్టి వరుసగా విడదీసే పద్ధతిని పక్కాగా రాసిపెట్టారు. తర్వాతి పరిశోధకులందరికీ అదే పునాది.

ప్లాస్మాలోని నీళ్ల భాగం సాంద్రత మిల్లీలీటరుకు 1.006 గ్రాములు. విఎల్‌డిఎల్ అంతకంటే తేలిక. భూమ్యాకర్షణకు లక్ష రెట్లకు మించిన బలంతో దాదాపు పద్దెనిమిది గంటలు తిప్పితే, కాచిన పాల మీద మీగడలా విఎల్‌డిఎల్ పైకి తేలుతుంది. ఆ పై పొరను కోసి తీసేస్తే అడుగున ఎల్‌డిఎల్, హెచ్‌డిఎల్ మిగులుతాయి. ఆ అడుగు భాగంలోని కొలెస్ట్రాల్‌ను కొలుస్తారు. హెపారిన్, మాంగనీస్ లవణం కలిపి ఎల్‌డిఎల్‌ను పేరుకునేలా చేస్తే పైన తేటలో హెచ్‌డిఎల్ ఒక్కటే ఉంటుంది. దాన్నీ కొలుస్తారు. అడుగు భాగంలోంచి హెచ్‌డిఎల్ తీసేస్తే ఎల్‌డిఎల్ వస్తుంది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి గమనించాలి. అత్యంత కచ్చితమైనదిగా పేరున్న ఈ ప్రామాణిక పద్ధతిలో కూడా ఎల్‌డిఎల్ తీసివేతలోనే దొరుకుతోంది. దాన్నెవరూ విడిగా పట్టుకుని తూచడం లేదు. ఫ్రీడ్‌వాల్డ్ బృందం చూపు సరిగ్గా ఇక్కడ నిలిచింది. తీసివేత ఎలాగూ తప్పనప్పుడు యంత్రం చేస్తున్న పనేమిటి? విఎల్‌డిఎల్‌ను పక్కకు తప్పించడం. ఆ ఒక్క పనికి ఖరీదైన యంత్రం, ఒక రాత్రీ పగలూ, అనుభవం ఉన్న చెయ్యి అవసరమవుతున్నాయి. రోజుకు కొద్ది నమూనాలే పూర్తవుతాయి. వేలమందికి పరీక్షలు చేయాలంటే అది జరిగే పని కాదు.

వాళ్లు తమ పద్ధతిలో హెచ్‌డిఎల్‌ను వేరుచేసే రసాయన ప్రక్రియను అలాగే ఉంచారు, ఎందుకంటే అది మామూలు ల్యాబులో చేయగలిగినదే. మొత్తం కొలెస్ట్రాల్ కొలతను కూడా అలాగే ఉంచారు. మార్చింది ఒకే ఒక్క మెట్టు. పద్దెనిమిది గంటల యంత్రం ఉన్న చోట అయిదుతో భాగహారాన్ని పెట్టారు. ఉన్నదాన్నంతా కూల్చి కొత్తగా కట్టకుండా, భారం మొత్తం ఏ రాయి మీద పడుతోందో కనిపెట్టి దాన్ని మాత్రమే మార్చడం ఎన్నో ఏళ్ల అనుభవంతో గాని అబ్బని విద్య.

అయిదు ఎక్కణ్నుంచి వచ్చింది

ఆ అనుభవం వాళ్లకు ఉంది. ఫ్రెడ్రిక్సన్ 1961లో వర్జీనియా తీరంలోని టాంజియర్ ద్వీపానికి చెందిన పిల్లల్లో నారింజ రంగు టాన్సిల్స్ చూసి, వాళ్ల రక్తంలో హెచ్‌డిఎల్ దాదాపు లేదని కనుగొన్న మనిషి. ఆ జబ్బుకు ఆ ద్వీపం పేరే స్థిరపడింది. 1967లో ఆయన, లెవీ, లీస్ కలిసి ‘న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’లో అయిదు భాగాలుగా రాసిన సుదీర్ఘ వ్యాసం రక్తంలో కొవ్వు ఎక్కువయ్యే జబ్బులన్నిటినీ అయిదు రకాలుగా వర్గీకరించింది. వైద్య విద్యార్థులు ఇప్పటికీ ఆ వర్గీకరణను చదువుకుంటున్నారు. అంటే ఈ సూత్రం రాసేనాటికి వాళ్ల చేతుల మీదుగా ఎన్నో రకాల రక్తనమూనాలు అల్ట్రాసెంట్రిఫ్యూజ్‌లోకి వెళ్లి వచ్చాయి.

ఆ కొలతల్లో ఒక నిలకడ కనబడింది. రాత్రి తిన్నది పూర్తిగా అరిగిపోయిన రక్తంలో ట్రైగ్లిజరైడ్లు ఎక్కువగా విఎల్‌డిఎల్‌లోనే ఉంటాయి. ఆ విఎల్‌డిఎల్‌లో ట్రైగ్లిజరైడ్లకూ కొలెస్ట్రాల్‌కూ ఉన్న నిష్పత్తి చాలామందిలో 5:1కు దగ్గరగా ఉంటుంది. కాబట్టి రక్తంలోని మొత్తం ట్రైగ్లిజరైడ్లను అయిదుతో భాగిస్తే విఎల్‌డిఎల్‌లో దాగిన కొలెస్ట్రాల్ సుమారుగా తెలుస్తుంది. పరగడుపున రమ్మనడానికి అసలు కారణం ఇదే. భోజనం చేశాక పేగుల నుంచి కైలోమైక్రాన్లు అనే రేణువులు రక్తంలోకి వస్తాయి. వాటిలో కొలెస్ట్రాల్ అతి తక్కువ, ట్రైగ్లిజరైడ్లు అతి ఎక్కువ. అవి కలిస్తే అయిదు అనే అంకె చెల్లదు.

అయిదు అనేది అందరికీ సరిగ్గా వర్తించే అంకె కాదని వాళ్లకు తెలుసు. ఒకరిలో నాలుగు, ఒకరిలో ఆరు ఉండొచ్చు. అయినా ధైర్యం చేశారు. ఆ ధైర్యానికి ఆధారమేమిటో ఒక ఉదాహరణలో చూద్దాం. మొత్తం కొలెస్ట్రాల్ 220, హెచ్‌డిఎల్ 42, ట్రైగ్లిజరైడ్లు 180. 180ని అయిదుతో భాగిస్తే 36. 220లోంచి 42, 36 తీసేస్తే ఎల్‌డిఎల్ 142. ఈ మనిషిలో నిజమైన నిష్పత్తి నాలుగైతే విఎల్‌డిఎల్ 45, ఎల్‌డిఎల్ 133. ఆరైతే విఎల్‌డిఎల్ 30, ఎల్‌డిఎల్ 148. నిష్పత్తి అంత ఊగినా చివరి జవాబు 133కూ 148కీ మధ్యే ఉంది. డాక్టరు నిర్ణయం తలకిందులైపోయేంత తేడా కాదది.

తేడా ఎందుకు చిన్నగా మిగిలిందంటే, ఊహించి చెప్పిన భాగం మొత్తంలో చిన్నది కాబట్టి. పెద్ద భాగాలను కొలిచి, చిన్న భాగాన్ని అంచనా వేశారు. పొరపాటు పడే అవకాశాన్ని పూర్తిగా తొలగించలేమని ఒప్పుకుని, దాన్ని తక్కువ హాని చేసే చోటికి తరలించారు. ఈ సూత్రంలో నాకు అన్నిటికంటే గొప్పగా కనిపించే తెలివి ఇదే.

448 మంది, ఒక గీత

అంచనా బాగుందనిపించడం వేరు, దాన్ని నిరూపించడం వేరు. 448 మంది రక్తాన్ని తీసుకుని, అల్ట్రాసెంట్రిఫ్యూజ్ పద్ధతిలో వచ్చిన ఎల్‌డిఎల్‌నూ, తమ సూత్రం ఇచ్చిన ఎల్‌డిఎల్‌నూ పక్కపక్కన పెట్టి చూశారు. ఆ 448 మంది ఎంపికలోనే వాళ్ల నిజాయితీ తెలుస్తుంది. ఆరోగ్యవంతులు 96 మందే. ఎల్‌డిఎల్ విపరీతంగా ఉండే రెండో రకం రోగులు 204 మంది, విఎల్‌డిఎల్ ఎక్కువగా ఉండే నాలుగో రకం రోగులు 148 మంది. తేలిగ్గా నెగ్గగల చోట మాత్రమే పరీక్ష పెట్టుకోలేదు. విఎల్‌డిఎల్ అంచనా మీదే సూత్రం ఆధారపడి ఉన్నప్పుడు, ఆ విఎల్‌డిఎల్లే గతి తప్పిన మనుషులను కావాలని చేర్చుకున్నారు. రెండు పద్ధతుల మధ్య పొంతన చూపే సహసంబంధ గుణకం గుంపును బట్టి 0.94 నుంచి 0.99 దాకా వచ్చింది. 1 అంటే సంపూర్ణమైన పొంతన.

ఆ తర్వాత వాళ్లు గీత గీశారు. ట్రైగ్లిజరైడ్లు 400 దాటితే ఈ సూత్రం వాడొద్దు. రక్తంలో కైలోమైక్రాన్లు ఉంటే వాడొద్దు. మూడో రకం జబ్బు ఉన్నవాళ్లకు వాడొద్దు. ప్రతి హద్దుకూ కారణం రేణువుల స్వభావంలోనే ఉంది. కైలోమైక్రాన్లు కలిస్తే విఎల్‌డిఎల్ కొలెస్ట్రాల్‌ను ఉన్నదానికంటే ఎక్కువగా లెక్కగడతాం, ఎల్‌డిఎల్ ఉన్నదానికంటే తక్కువగా కనిపిస్తుంది. మూడో రకం జబ్బులో సగం కరిగిన రేణువులు కొలెస్ట్రాల్‌తో బరువెక్కి ఉంటాయి, కాబట్టి అక్కడ ఎల్‌డిఎల్ ఎక్కువగా కనిపిస్తుంది. ఎటువైపు తప్పుతుందో కూడా ముందే చెప్పగలిగినంత బాగా తమ పనిని వాళ్లు ఎరుగుదురు.

ఈ రోజుకూ ట్రైగ్లిజరైడ్లు 400 దాటిన రిపోర్టుల్లో ఎల్‌డిఎల్ గడిని ఖాళీగా వదిలే ల్యాబులు ఉన్నాయి. ఖాళీ గడి చూసి ల్యాబువాళ్లు పని ఎగ్గొట్టారనుకునేవాళ్లుంటారు. నిజానికి తప్పు అంకె రాయకుండా ఆగడం 1972లో ఆ ముగ్గురూ నేర్పిన క్రమశిక్షణ.

సూత్రం తెరిచిన దారి

1974లో కొలెస్ట్రాల్‌ను ఎంజైములతో కొలిచే పద్ధతి వచ్చింది. అంతకు ముందు ఎసిటిక్ ఎన్‌హైడ్రైడ్, గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపి ఆకుపచ్చ రంగు తెప్పించి కొలిచే పాత పద్ధతి ఎక్కువగా నడిచేది. ఎంజైములు వచ్చాక మొత్తం కొలెస్ట్రాల్ కొలవడం ఆటోమేటిక్ యంత్రాలకు వీలైన పనైంది. చవకైన కొలతలు ఒకవైపు, చవకైన లెక్క మరోవైపు కలిసేసరికి ఎల్‌డిఎల్ పరిశోధనశాల గడప దాటి జిల్లా ఆసుపత్రికి, ఆ తర్వాత వీధి చివరి డయాగ్నస్టిక్ సెంటరుకు చేరింది.

సరిగ్గా ఆ ఏళ్లలోనే ఎల్‌డిఎల్ మీద మిగతా విజ్ఞానం కూడా కూడుతోంది. టెక్సస్‌లో మైఖేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టీన్ కణాల ఉపరితలం మీద ఎల్‌డిఎల్‌ను పట్టి లోపలికి లాగే గ్రాహకాన్ని కనుగొన్నారు. ఆ పనికి 1985లో నోబెల్ వచ్చింది. 1977లో ఫ్రామింగ్‌హామ్ పరిశోధకులు హెచ్‌డిఎల్ ఎక్కువగా ఉన్నవాళ్లకు ముప్పు తక్కువని చూపారు. 1984లో 3,806 మంది పురుషుల మీద కొలెస్టిరామిన్ మందుతో జరిగిన పరీక్ష, ఎల్‌డిఎల్ తగ్గిస్తే గుండెపోట్లు తగ్గుతాయని తేల్చింది. 1988లో అమెరికా జాతీయ కొలెస్ట్రాల్ కార్యక్రమం వైద్యానికి ప్రధాన ఆధారంగా ఎల్‌డిఎల్‌ను నిలబెట్టింది. 1994లో స్కాండినేవియా దేశాల్లో 4,444 మంది గుండె రోగుల మీద జరిగిన పరీక్షలో సిమ్వాస్టాటిన్ మరణాలను 30 శాతం తగ్గించింది. ఎల్‌డిఎల్‌ను వైద్యానికి గురిగా పెట్టుకోవాలంటే ఏ ఊళ్లోనైనా, ఎన్నిసార్లయినా దాన్ని తెలుసుకోగలగాలి. ఆ వీలు కల్పించింది నాలుగు పేజీల ఈ వ్యాసమే.

తక్కువ అంకెల కాలం

సిమ్వాస్టాటిన్ వంటి స్టాటిన్ మాత్రల విజయమే ఈ సూత్రానికి కొత్త పరీక్ష పెట్టింది. 1972లో ఎల్‌డిఎల్ 70 కంటే దిగువన ఉన్న రోగులు వాళ్ల ఆలోచనలోనే లేరు. అంత కిందికి దించే మందూ లేదు. ఇప్పుడు గుండెపోటు వచ్చినవాళ్లకు 70 కంటే దిగువకు, చాలామందికి 55 కంటే దిగువకు తేవాలంటున్నారు. పెద్ద భాగాన్ని కొలిచి చిన్న భాగాన్ని ఊహించడమే సూత్రానికి బలమని చెప్పుకున్నాం. ఎల్‌డిఎల్ బాగా తగ్గి, ట్రైగ్లిజరైడ్లు ఎక్కువగానే ఉన్నప్పుడు ఆ వరుస తారుమారవుతుంది. ఊహించిన విఎల్‌డిఎల్ భాగం, కనిపెట్టాల్సిన ఎల్‌డిఎల్‌తో సమానమయ్యేంతగా పెరుగుతుంది.

ఇది మనకు బాగా దగ్గరి సమస్య. దక్షిణాసియా వాసుల్లో ట్రైగ్లిజరైడ్లు ఎక్కువ, హెచ్‌డిఎల్ తక్కువ ఉండటం తరచుగా కనిపిస్తుంది. మధుమేహం ఆ ధోరణిని ఇంకా పెంచుతుంది. హైదరాబాదులో గానీ, విజయవాడలో గానీ, న్యూజెర్సీలో గానీ స్టెంటు వేయించుకుని స్టాటిన్ వాడుతున్న ఒక తెలుగు పెద్దాయన రిపోర్టు ఇలా ఉందనుకుందాం. మొత్తం కొలెస్ట్రాల్ 160, హెచ్‌డిఎల్ 36, ట్రైగ్లిజరైడ్లు 310. పాత సూత్రం ప్రకారం ఎల్‌డిఎల్ 62. గురి 70 అయితే సాధించినట్టే.

2020లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలకు చెందిన సాంప్సన్ బృందం ఒక కొత్త సూత్రం ప్రకటించింది. అల్ట్రాసెంట్రిఫ్యూజ్‌లో పరీక్షించిన నమూనాల ఆధారంగా కట్టిన ఆ సూత్రంలో ట్రైగ్లిజరైడ్ల వర్గం కూడా ఒక పదంగా ఉంటుంది. ట్రైగ్లిజరైడ్లు 800 దాకా దాన్ని వాడొచ్చు. పై పెద్దాయన అంకెలే అందులో వేస్తే ఎల్‌డిఎల్ 74 వస్తుంది. ఒకే రక్తం, ఒక లెక్కలో గురి చేరింది, మరో లెక్కలో చేరలేదు. మాత్ర మోతాదు సరిపోయిందా లేదా అన్నది ఈ 12 మిల్లీగ్రాముల మీద ఆధారపడుతుంది.

ఇదే కొత్త సూత్రాన్ని ఇంతకు ముందు లెక్కకట్టిన ఉదాహరణ మీద, అంటే 220, 42, 180 మీద ప్రయోగించి చూశాను. పాత సూత్రం 142 అంది, కొత్తది 145 అంటోంది. కంప్యూటర్లతో, వేల నమూనాలతో కట్టిన సూత్రానికీ, అయిదుతో భాగించిన లెక్కకూ మధ్య తేడా మూడంటే మూడే. తాము గీసిన హద్దుల లోపల, తాము ఉద్దేశించిన మనుషుల విషయంలో ఆ ముగ్గురి పని ఎంత గట్టిదో ఇంతకంటే ఏం చెప్పాలి?

2020 కంటే ముందే, 2013లో జాన్స్ హాప్కిన్స్‌కు చెందిన సెత్ మార్టిన్ బృందం మరో దారి పట్టింది. 13 లక్షల 50 వేలకు పైగా నమూనాలను పరిశీలించి, అందరికీ అయిదు అనే ఒకే అంకె ఎందుకని ప్రశ్నించింది. ట్రైగ్లిజరైడ్లను 30 తరగతులుగా, హెచ్‌డిఎల్ పోగా మిగిలిన కొలెస్ట్రాల్‌ను ఆరు తరగతులుగా విడగొట్టి, 180 గడుల పట్టిక తయారుచేసింది. మనిషి ఏ గడిలోకి వస్తే ఆ గడిలోని అంకెతోనే ట్రైగ్లిజరైడ్లను భాగించాలి. ఆ అంకెలు మూడు పైచిలుకు నుంచి దాదాపు పన్నెండు దాకా ఉన్నాయి. ఇక్కడ కూడా అస్థిపంజరం పాతదే. మొత్తంలోంచి హెచ్‌డిఎల్ తీసెయ్, ట్రైగ్లిజరైడ్లను దేనితోనో భాగించి తీసెయ్. అయిదు మారింది గానీ కట్టడం మారలేదు. తమ తర్వాత వచ్చినవాళ్లు పూర్తిగా కూల్చకుండా ఒక్క ఇటుకను సరిచేసుకోగలిగేలా కట్టడం ఎంతటి పనితనమో ఆలోచించండి.

ఎల్‌డిఎల్ చెప్పనివి

ఎల్‌డిఎల్ ఒక్కటే గుండె భవిష్యత్తు చెప్పేస్తుందనుకుంటే పొరపాటు. ఆ అంకె రేణువులు మోస్తున్న కొలెస్ట్రాల్ బరువు చెబుతుంది, రేణువులెన్నో చెప్పదు. ధమని గోడలోకి చొరబడేవి రేణువులు కదా. ప్రతి ఎల్‌డిఎల్, విఎల్‌డిఎల్ రేణువు మీదా అపోబి అనే ప్రొటీన్ అణువు ఒకటే ఉంటుంది. దాన్ని కొలిస్తే రేణువుల లెక్క తేలుతుంది. ట్రైగ్లిజరైడ్లు ఎక్కువగా ఉండే మనలాంటివాళ్లలో ఒక్కో ఎల్‌డిఎల్ రేణువు చిన్నదై, తక్కువ కొలెస్ట్రాల్ మోస్తుంది. బరువు మామూలుగా కనిపిస్తూనే సంఖ్య ఎక్కువగా ఉండొచ్చు. అక్కడ అపోబి విలువైన కబురు చెబుతుంది. 2004లో 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో అపోబికీ, హెచ్‌డిఎల్ మీద ఉండే అపోఎ-1 ప్రొటీన్‌కూ మధ్య నిష్పత్తి బలమైన సూచికల్లో ఒకటిగా తేలింది.

నార్వేలో కోరె బెర్గ్ 1963లో గుర్తించిన లైపోప్రోటీన్-ఎ చాలావరకు పుట్టుకతో వచ్చేది. తిండి మార్చినా, నడక పెంచినా పెద్దగా తగ్గదు. చిన్న వయసులోనే గుండెపోట్లు వచ్చిన కుటుంబాల్లో జీవితంలో ఒక్కసారైనా కొలిపించుకోవడం మంచిది. సీ-రియాక్టివ్ ప్రొటీన్‌ది ఇంకో కథ. 1930లో న్యుమోనియా రోగుల రక్తంలో కనిపించిన ఈ పదార్థం ధమనుల్లో రగిలే వాపుకు గుర్తని పాల్ రిడ్కర్ బృందం 1990లలో చూపింది. 2008లో 17,802 మంది మీద జరిగిన జూపిటర్ పరీక్షలో ఎల్‌డిఎల్ 130 కంటే తక్కువగా, ఈ ప్రొటీన్ ఎక్కువగా ఉన్నవాళ్లకు కూడా రోసువాస్టాటిన్ మేలు చేసింది.

ఇన్ని సూచికలున్నా గుండె ముప్పు లెక్కలో వయసు, పొగ, రక్తపోటు, మధుమేహం ఇప్పటికీ పెద్ద పీట వేసుకుని కూర్చున్నాయి. ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో 2003–04లో జరిగిన మరణాలను ఆంధ్రప్రదేశ్ రూరల్ హెల్త్ ఇనిషియేటివ్ పరిశోధకులు లెక్కించినప్పుడు, వాటిలో 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బుల వల్లే అని తేలింది. పల్లెలకు ఈ జబ్బులు రావన్న నమ్మకాన్ని ఆ లెక్క తుడిచేసింది. అలాంటి ఊళ్ల కోసమే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన ముప్పు పట్టికల్లో రెండు రకాలున్నాయి. ఒకటి కొలెస్ట్రాల్ పరీక్షతో, రెండోది అసలు రక్తం తీయకుండా బరువు, ఎత్తు, రక్తపోటు, పొగ అలవాటు వంటివాటితో. కొలవగలిగింది కొలిచి, కొలవలేనిదాన్ని తెలిసినదాని నుంచి అంచనా వేసుకోవడమనే పద్ధతి అక్కడా అదే.

కాబట్టి రిపోర్టు చేతికొచ్చినప్పుడు ఎల్‌డిఎల్ గడి దగ్గరే ఆగిపోకుండా ట్రైగ్లిజరైడ్ల గడి కూడా చూడండి. అది 150 లోపు ఉంటే లెక్కకట్టిన ఎల్‌డిఎల్‌ను నిశ్చింతగా నమ్మొచ్చు. 200 దాటి, ఎల్‌డిఎల్ మరీ తక్కువగా కనిపిస్తుంటే ఏ సూత్రం వాడారో ల్యాబును అడగండి, మొత్తంలోంచి హెచ్‌డిఎల్ తీసేసిన అంకెను కూడా చూడమని డాక్టరును కోరండి. ఆ చివరి అంకెకు ట్రైగ్లిజరైడ్లతో పని లేదు, ఊహా లేదు. ఎవరైనా వేళ్లమీద లెక్కపెట్టుకోవచ్చు.

ఏటా కొత్త రక్తసూచికలు పుట్టుకొస్తున్నాయి. గుండెపోటును పదేళ్ల ముందే చెబుతామని ప్రకటించే ప్యాకేజీలూ పెరుగుతున్నాయి. వాటిని తయారుచేసేవాళ్లు ఫ్రీడ్‌వాల్డ్, లెవీ, ఫ్రెడ్రిక్సన్‌ల నుంచి నేర్చుకోవాల్సింది ఒకటుంది. తమ పరీక్ష ఎంత బాగా పనిచేస్తుందో అందరూ చెబుతారు. ఏ మనిషి విషయంలో పనిచేయదో, ఏ అంకె దాటాక నమ్మకూడదో, తప్పితే ఎటు తప్పుతుందో మొదటి రోజే రాసిపెట్టిన పరీక్షనే డాక్టరు ధైర్యంగా చేతిలోకి తీసుకోగలరు. ఆ ముగ్గురూ తమ సూత్రానికి హద్దు గీశారు కాబట్టే అర్ధ శతాబ్దం పాటు దాన్ని వాడగలిగాం, దాని లోటు ఎక్కడుందో వెతకాల్సిన చోటే వెతికి దిద్దుకోగలిగాం.